లేఖకుడి ఉత్తరీయం

గవరయ్య అద్దకశాల నాలుగు తొట్ల నుంచి నలభై తొట్లకు పెరిగింది. ఎవరి బట్ట ఎక్కడుందో ఆయనకే అంతుచిక్కడం లేదు. అది విని ఆస్థాన లేఖకుడు మార్తాండుడు తన కొత్త పద్ధతి అమ్మజూపాడు. రంగు వేయాలన్నా, చెప్పిన రంగు మార్చాలన్నా ఏడుగురు పనివాళ్లు వరసగా తాటాకు మీద రాయాలి. చదువురాని వాళ్లకిక అక్కడ పని ఉండదు.

ముప్పై ఏళ్లుగా తొట్ల దగ్గరే ఉన్న సింగారమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా బెదరలేదు.

"కొనేముందు ఈ పద్ధతిలో ఒక బట్ట నడిపి చూద్దాం. మీ ఉత్తరీయమే ఇవ్వండయ్యా," అంది.

మార్తాండుడు దర్జాగా తన పట్టు ఉత్తరీయం తీసిచ్చి, ఎరుపు అని రాయించాడు. ఏడుగురూ రాశాక అది సింగారమ్మ చేతికొచ్చింది.

ఎర్రతొట్టి మీద దాన్ని పట్టుకుని ఆమె నెమ్మదిగా అడిగింది. "అయ్యా, ఈ వారమంతా కొలువువాళ్లు పసుపే వేయించుకున్నారు. రేపటి ఉత్సవానికి అందరూ పసుపులో రావాలని రాజుగారి ఆజ్ఞట. తమరికి ఎరుపు చెప్పారా?"

మార్తాండుడి మొహం పాలిపోయింది. రాతల్లో మునిగి ఆ సంగతే మరిచాడు. ఏడుగురినీ తోసుకుంటూ పరిగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ముంచకమ్మా, పసుపు వెయ్యి."

"మరి ఆకు మీద రాయించలేదేమయ్యా?"

గవరయ్య లేచి సింగారమ్మకు చేతులు జోడించాడు.

ఆ తర్వాత ఎవరు ఏ పద్ధతి అమ్మజూపినా, గవరయ్య ముందుగా వాళ్ల ఉత్తరీయమే అడిగేవాడు.