రెండూళ్ళ దొరగారి ఒంటి చెప్పు

అనగనగా ఒక ఊళ్ళో... ఒక ఊళ్ళో కాదు బుజ్జీ, రెండూళ్ళలో ఒక దొర. ఒక్క మనిషి రెండూళ్ళలో ఎలా ఉంటాడంటావా? అదే ఆయనకీ తెలిసేది కాదు పాపం.

అది జపాను దేశం. ఆ దొర పేరు కగెయాసు. నడుముకి రెండు కత్తులు కట్టుకునే సమురాయ్. ఆయన మీద ఇంకో పెద్ద దొర ఉండేవాడు, షోగన్ అంటారు. దొరలందరూ ఒక ఏడు తన కళ్ళెదుట పట్నంలో, ఒక ఏడు సొంత కోటలో ఉండాలని ఆ షోగన్ ఆజ్ఞ. పెళ్ళాం బిడ్డలు మాత్రం ఎప్పటికీ పట్నం దాటకూడదు. వాళ్ళు తన గుప్పిట్లో ఉంటే దొరలు తిరగబడరని. ఎంత గడుసువాడో చూడు.

కగెయాసు కోటకి వెళ్తే, పట్నం దొర వచ్చాడన్నారు. పట్నానికి వెళ్తే, కోట దొర వచ్చాడన్నారు. దారిలో సత్రం అవ్వ మాత్రం, ఇంటికొచ్చావా నాయనా అంటూ కాళ్ళకి నీళ్ళిచ్చేది. ఆ అవ్వకి దొరైనా ఒకటే, బోయీ అయినా ఒకటే. దాంతో ఆయన బుర్ర తిరిగిపోయింది. ఇంతకీ నా ఇల్లేదీ అని.

ఆ తర్వాత ఒకసారి పట్నం వచ్చేసరికి, ఆయన చిన్న కూతురు సుజు వంగి దణ్ణం పెట్టి, "ఎన్నాళ్ళుంటారండీ?" అని అడిగింది. చుట్టాల్ని అడిగినట్టే అడిగింది. దొర ఆ ఏడంతా పిల్లని చంక దించలేదు.

ఏడు తిరిగింది. వాకిట్లో గుర్రాలు, ఈటెలవాళ్ళు బారులు తీరారు. చూస్తే దొర గడ్డి చెప్పుల్లో ఒకటి లేదు. ఆలస్యమైతే షోగన్ కోట లాగేసుకుంటాడు. పరుపుల కింద వెతికారు, బియ్యం గాదెలో వెతికారు, గుర్రాల పాకలో వెతికారు. అప్పుడు కనిపించింది సుజు, గుమ్మంలో ఆ చెప్పు మీదే కూర్చుని.

"ఇవ్వమ్మా, వెళ్ళాలి" అన్నాడు దొర.

"ఇంటికొచ్చాక ఇస్తాను నాన్నగారూ."

దొర ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి వంటవాడి చెప్పు తొడుక్కుని బయల్దేరాడు. వెనకాల అంతమంది ఉన్నా ఒక్కడూ నవ్వలేదు. కత్తులున్నాయి కదా మరి.

ఆ తర్వాత సత్రం వచ్చింది. నీళ్ళ చెంబు చేతికిస్తూ అవ్వ ఆయన కాళ్ళకేసి చూసి, దీని జోడేదీ నాయనా అని అడిగింది.

"ఇంట్లో ఉంది" అన్నాడు దొర.

అనేసి, తన మాట తనే విని, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కథ కంచికి, దొర మనసు ఇంటికి, ఇక నిద్ర నీ కంటికి.