కొమ్ముల హోరులో డప్పు

పిల్లలూ, పక్కింటి వైఫై మన వైఫైకి అడ్డొస్తోందని విసుక్కుంటారే, ఈ కథ మీరు విని ఉండరు.

పూర్వం ఒక రాజు తన గొప్ప చాటడానికి పొద్దస్తమానం కొమ్ములు ఊదించేవాడు. ఆపమన్నవాడి తల తీయించేవాడు. ఒకనాడు ఏరు పొంగింది. ఏటి కావలివాడు చుక్కడు హెచ్చరికగా ఎంత డప్పు కొట్టినా, ఆ హోరులో తన కూతురున్న పల్లెకు వినపడలేదు.

చుక్కడు రాజు ముందుకు పరుగెత్తి, గొంతు విప్పకుండా నోరు మాత్రం ఆడించాడు.

"ఏం వాగుతున్నావురా? వినపడి చావదే! ఆ కొమ్ములు ఆపండి!" అన్నాడు రాజు.

"ఏలినవారి ఎదుటే నా గొంతు వినపడనప్పుడు, పల్లెకు నా డప్పేం వినపడుతుంది దొరా? ఏరు పొంగింది!" అంటూనే చుక్కడు డప్పందుకున్నాడు.

అప్పటికే పల్లె కొట్టుకుపోయింది, కూతురితో సహా.

డప్పు మోగితే కొమ్ములు ఆగాలని రాజు చట్టం చేసి, చాటింపు వేయమన్నాడు. చుక్కడు ఖాళీ పల్లెలో డప్పు కొట్టాడు. ఈసారి బాగా వినపడింది.

ఇది మీ పిల్లలకూ చెప్పండి, నాన్నా.