పొడిగుడ్డ గౌరి నోము

వింధ్యాటవిలో తపము చేయుచున్న మాండవ్య మునిని ఉద్దాలకుడు సమీపించి, స్వామీ, కలియుగమున జనులు చమురు లేకయే కరెంటుతో నడచు కార్లెక్కి తిరుగుదురట, వాటిని కడిగి బ్రతుకువారు కష్టముల పాలు కాకుండుటకు నోమేదైనా కలదా యని అడిగెను. మాండవ్యుడు నవ్వి, కలదు, జరుగబోవునది జరిగినట్లే చెప్పెదను, వినుమని ఇట్లు చెప్పెను.

విజయనగరమున పైడితల్లి యను ఇల్లాలు భర్త సన్యాసిరావుతో కూడి కరెంటు కార్లు కడుగు షెడ్డు పెట్టెను. మొదటినాడే పసుపుముద్దతో గౌరిని నిలిపి రెండు నియమములు పట్టెను. ఛార్జింగు పెట్టు చోట నీటిధార కొట్టక, పొడిగుడ్డతో అద్ది మూత వేయుట ఒకటి. నేలబడిన గుడ్డను ఉతికి ఆరవేయక కారుకు తగిలించకుండుట రెండవది. పనితనము మెచ్చి ఊరు ఊరంతయు వచ్చెను.

రద్దీ పెరిగి పైడితల్లికి ఊపిరాడదాయెను. ఒకనాడు గుడ్డ నేలబడగా, దులిపిన చాలదా యనుకొని దానితోనే డాక్టరుగారి నల్లకారు తుడిచెను. ఎండలో చూడగా కారంతయు సాలెగూడు వలె గీతలు. ఆయన మరి రాలేదు. అంతటితో బుద్ధి రావలదా? రాలేదు. మరునెలలో నర్సు సువార్తమ్మ కారుకు ఛార్జింగు చోట తడి ఆరకయే మూత వేసెను. ఆ బండి ఛార్జింగు ఎక్కనని మొరాయించెను. సువార్తమ్మ కాన్పు చేయుటకు ఆటోలో పరుగెత్తెను. తల్లీబిడ్డలు క్షేమమే గాని షెడ్డు పేరు చెడెను. కార్లు రావాయెను. స్థలము యజమాని నెలాఖరుకు ఖాళీ చేయుమనెను. సన్యాసిరావు కూలికి పోయెను. పైడితల్లి తన చేజేతుల చేసినది తలచి కుళ్లి కుళ్లి ఏడ్చెను.

ఒక ఉదయమున ముదుసలి ముత్తైదువ ఒకతె బురద కొట్టుకొన్న తెల్లకారు నడుపుకొనుచు వచ్చి, త్వరగా పోవలెనని చెప్పి, బల్లపై కూర్చుండి కునుకు తీసెను. పైడితల్లి కారు కడిగి, ఛార్జింగు చోట తడి అద్ది, మూత వేసి, పైభాగము తుడువబోవగా, ఉన్న ఒక్క మంచిగుడ్డ జారి నేలబడెను. చూచువారు లేరు. ఈ కారు పోయినచో మరొకటి వచ్చునను ఆశయు లేదు. అయినను ఆమె ముదుసలిని లేపెను.

“మామ్మగారూ, గుడ్డ కింద పడిపోనాది. ఉతికి ఆరీదాకా తుడవలేను. ఆగుతారా, తడి బండితోనే ఎల్లిపోతారా?”

“ఆగుతానమ్మా. నువ్వది దులిపీసుంటే ఎల్లిపోదును.”

గుడ్డ ఆరువరకు పైడితల్లి తన తప్పులన్నియు దాచక చెప్పుకొనెను. పని ముగించి చేతులు కడుగుకొని వచ్చునప్పటికి ముదుసలి లేదు, కారు లేదు. బల్లపై పసుపుముద్ద యుండెను.

ఆమె ఆనాడే సువార్తమ్మ ఇంటికి పోయి తప్పు ఒప్పుకొనెను. మరునాడు సువార్తమ్మ తానే కారు తెచ్చెను. ఆమె వెనుక ఊరు వచ్చెను. షెడ్డు నిలిచెను. సన్యాసిరావు కూలి మానెను. డాక్టరుగారు మాత్రము నేటికిని రాలేదు.

కార్లు కడుగువారు, అంట్లు తోమువారు, ఎవరును చూడని చోట పని చేయు వారెల్లరును ఈ నోము పట్టవచ్చును. ఏడు శుక్రవారములు చేసి, ఏడుగురు పనివారికి మెత్తని గుడ్డలు వాయనమీయవలెను. అట్లు చేసినవారికి చేతిలో పని, ఊరిలో పేరు, కంటికి నిద్ర కలుగును. ఇక అక్షింతలు తలపై వేసికొనుడు. కారుపై చల్లకుడు, గీతలు పడును.