ముందు బ్రేకు

కొమ్మరపాలెంలో బుద్ధి అనేది ఎవరింట్లోనైనా ఉందా అంటే అది తమ ఇంట్లోనే ఉందని బుల్లెబ్బాయికి గట్టి నమ్మకం. ఆ మాట ఆయన భార్య మంగాయమ్మా ఒప్పుకునేది, తమ్ముడు తమ్మన్నా ఒప్పుకునేవాడు. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక ఊరివాళ్ళతో పనేమిటి?

"మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. సొంత పెత్తనం చెయ్యం. అదీ తెలివంటే" అనేవాడు బుల్లెబ్బాయి మీసం సవరించుకుంటూ.

ఆయనకో పాతికేళ్ళ నాటి మోటారు సైకిలుంది. పరుగు బాగానే ఉంటుంది కానీ ఆగడం దాని ఇష్టం. మొన్నామధ్య భార్యాభర్తలిద్దర్నీ తీసుకెళ్ళి రైసు మిల్లు తవుడు కుప్పలో దింపింది. సరిగ్గా అప్పుడే మంగాయమ్మ తమ్ముడు రామభద్రం కబురు పెట్టాడు: శుక్రవారం పదకొండింటికి గృహప్రవేశం, అక్క వచ్చి హారతి ఇస్తే తప్ప గుమ్మం దాటేది లేదని.

"ఏవండీ, దారిలో పెద్ద దిగుడు ఉంది. ఈ బ్రేకుతో వెళ్తే నా తమ్ముడింట్లో కాదు, ఆసుపత్రిలో గృహప్రవేశం చేస్తాం" అంది మంగాయమ్మ.

బుల్లెబ్బాయి బండిని మెకానిక్ సాలమన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. సాలమన్ ముందు చక్రం విప్పి, లోపల బ్రేకు పట్టే షూలు చూశాడు. "షూలు పూర్తిగా అరిగిపోయాయండీ."

అంతే! బుల్లెబ్బాయి బజారుకెళ్ళి తెల్లటి కాన్వాసు షూలు ఒక జత కొనుక్కొచ్చాడు. "దీని సైజు తెలీక తొమ్మిదో నంబరు తెచ్చాను. మేజోళ్ళు కూడా కావాలా?"

సాలమన్ ఆ షూల వంకా, ఆయన వంకా చూసి, నెమ్మదిగా చెప్పాడు. "పాత పద్ధతి వద్దులెండి. డ్రమ్ము తీసేసి డిస్కు పెడదాం. గట్టిగా ఆగుతుంది. మిగతా రిపేర్లు తర్వాత, ముందు బ్రేకు మార్చాలి. సామాను రేపు మధ్యాహ్నానికొస్తుంది, అప్పుడు రండి."

ఇంటికొచ్చి బుల్లెబ్బాయి ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఇంకేముంది, తమ్మన్న బియ్యం డ్రమ్ము బోర్లించి పాత ఇనుము వాడికి ఇచ్చేసి వచ్చాడు. బియ్యం వంటింటి నిండా పరుచుకున్నాయి. మంగాయమ్మ ఆ బియ్యంలో నడుస్తూ వండి వడ్డించింది. తమ్మన్న ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు.

"ఆగరా!" అని కేకేశాడు బుల్లెబ్బాయి. "ముందు బ్రేకు మార్చాలన్నాడు. తర్వాతే మిగతావి!"

నిజమే కదా అనుకుని ముగ్గురూ కంచాల ముందు నుంచి లేచిపోయారు. ఆ రోజు తిండి లేదు, స్నానం లేదు, గేదెకు పాలు పితకడం లేదు. గేదె అరుస్తూంటే తమ్మన్న దాని మెడ నిమిరి, "ఓర్చుకో తల్లీ, సామాను రేపొస్తుంది" అని ఓదార్చాడు.

మర్నాడు మధ్యాహ్నానికి కళ్ళు పీక్కుపోయి ముగ్గురూ షెడ్డు దగ్గర కూలబడ్డారు. పాపం, సాలమన్ మంచివాడు. కొత్త చక్రం, డిస్కు, నూనె గొట్టం అన్నీ బిగించాడు. "అయిపోయినట్టే. ఇంక గాలి తీసేస్తే చాలు. టీ తాగొచ్చి తీస్తాను" అని వెళ్ళాడు. గొట్టంలో చేరిన గాలి సంగతి ఆయన చెప్పింది.

"మనకోసం ఇంత కష్టపడ్డాడు. ఆ పని మనమే చేసేద్దాం" అన్నాడు బుల్లెబ్బాయి. అంతే, బండి రెండు చక్రాల్లోనూ గాలి తీసేశారు.

"మన బండికే తీసి ఊరుకుంటే బాగుండదేమోనండీ" అంది మంగాయమ్మ. ఇంకేముంది, షెడ్డులో ఉన్న తొమ్మిది బళ్ళకీ, బయట నిలబెట్టిన ట్రాక్టరుకీ కూడా తీసేశారు. సాలమన్ తిరిగొచ్చేసరికి ట్రాక్టరు ఓ పక్కకి ఒరిగి ఉంది. ఆయన టీ గ్లాసు కిందపడిపోయింది.

పాపం, అన్నిటికీ గాలి కొట్టి, గొట్టంలో గాలి తీసి, సాయంత్రానికి బండి అప్పజెప్పాడు. "బాబ్బాబు, వెళ్ళండి. ఎదురుగా ఏదైనా వస్తే బ్రేకు కొట్టండి. కొత్తది కదా, గట్టిగా కాదు, మెత్తగా కొట్టండి."

శుక్రవారం పొద్దున్నే మంగాయమ్మ పప్పుగుత్తి పట్టుకుని వెనక కూర్చుంది. దిగుడులో గొర్రెల మంద అడ్డొచ్చింది. బుల్లెబ్బాయి గబుక్కున చేతి కింది పిడి నొక్కాడు. బండి ఉన్నచోటే ఆగింది. ఇద్దరూ దిగారు. మంగాయమ్మ పప్పుగుత్తితో బ్రేకు మీద మెత్తగా మూడు దెబ్బలు వేసింది.

"చూశావా మంగా! కొట్టాక ఎంత బుద్ధిగా నిలబడిందో!" అన్నాడు బుల్లెబ్బాయి.

అలా గొర్రెలకి కొట్టి, లారీకి కొట్టి, గట్టు మీద కూర్చున్న కొంగకి కూడా కొట్టి, పదిన్నరకి రైలు గేటు చేరారు. గేటు తెరిచే ఉంది. పక్కన పెద్ద పలక మీద రాసుంది: 'ఆగండి. చూడండి. వెళ్ళండి.'

బుల్లెబ్బాయి కూడబలుక్కుని చదివాడు. బండి ఆపారు. అటూ ఇటూ చూశారు. వెళ్ళిపోయారు.

పన్నెండున్నరకి ఆలుమగలు చెమటలు కక్కుతూ రామభద్రం వాకిట్లోకొచ్చి పడ్డారు. ముహూర్తం దాటిపోయింది. పురోహితుడు అరుగు మీద కునుకు తీస్తున్నాడు. చుట్టాలంతా ఎండలో నిలబడి ఉన్నారు.

"బావా, నడిచొచ్చారేంటి? బండేదీ?" అన్నాడు రామభద్రం ఆదుర్దాగా.

బుల్లెబ్బాయి చుట్టాలందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

"గేటు దగ్గరుంది. పలక మీద వెళ్ళమని రాశారు గానీ బండెక్కి వెళ్ళమని రాయలేదుగా. ఏం బ్రేకనుకున్నావురా భద్రం! మేం నాలుగు మైళ్ళు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాం. ఇంజను ఆడుతూనే ఉంది, అయినా బండి అంగుళం కదిలితే ఒట్టు!"