తెల్లగొడుగు వంగనంది

ఒకప్పుడు అడవిలో పుట్టగొడుగులన్నీ తడిగుడ్డల్లా మెత్తగా ఉండేవి. ఎటు తోస్తే అటు వంగేవి.

అడవిపందికి అది భలే సుఖం. బురదలో పొర్లి వచ్చేది. "వంగండే!" అనేది. అన్నీ వంగేవి. వాటి నెత్తిన మూతి తుడుచుకుని పోయేది.

గుగ్గిలం చెట్టు కింద ఒక తెల్లగొడుగు ఉండేది. దాని టోపీ కింద సన్నటి మడతలు. మడతల నిండా పిల్లలు, పిండి రేణువులంత. గాలి వస్తే ఎగిరిపోవాలి, దూరాన మొలవాలి.

ఒకరోజు పంది వచ్చింది. తెల్లగొడుగు వంగింది. మడతలు బురదకి ఆనాయి. లేచి చూసుకుంటే సగంమంది పిల్లలు లేరు. బురదలో కలిసిపోయారు.

అది ఏడవలేదు. మిగిలినవాళ్ళని మడతల్లోకి పొదువుకుంది.

"ఊరుకోవే అక్కా. రేపు కూడా వంగితే గొడవుండదు" అంది పక్కనున్న చెల్లెలు ఎర్రగొడుగు.

"వంగితే మిగిలినవాళ్ళూ పోతారు."

"వంగకపోతే నువ్వు పోతావు!"

"పోతే పోనీ."

తెల్లగొడుగు చెట్టు వేరుని తట్టింది. "పెద్దమ్మా, నాకు వంగని నడుం ఇవ్వు."

"ఇస్తానే" అంది చెట్టు. "కానీ వంగనిది విరుగుతుంది."

"విరగనీ. గాలి వచ్చేదాకా నిలబడితే చాలు."

చెట్టు తన గుగ్గిలంలోని పెళుసుతనం కొంత ఇచ్చింది.

"నాకూ ఇవ్వు పెద్దమ్మా" అంది ఎర్రగొడుగు గబగబా. "అక్క ఒక్కతే నిలబడితే నాకు సిగ్గు." చెట్టు దానికీ ఇచ్చింది.

మర్నాడు పంది వచ్చింది. "వంగండే!"

అన్నీ వంగాయి. ఆ ఇద్దరూ వంగలేదు.

"ఏమే, చెవుడా?"

"వినపడింది. వంగను" అంది తెల్లగొడుగు.

"మరి మూతి ఎక్కడ తుడుచుకోను?"

"నీ తోక లేదూ?" అంది ఎర్రగొడుగు.

అడవంతా కిసుక్కుమంది. పంది ఉడికిపోయింది. వెనక్కి జరిగి, తెల్లగొడుగు మీదికి పరుగు తీసింది.

అప్పుడే గాలి కదిలింది.

"పొండి! పొండి!" అంది తెల్లగొడుగు. పిల్లలు పొగలా లేచారు. చెల్లెలి పిల్లలూ వెంట లేచారు. చెట్లు దాటిపోయారు.

పంది గుద్దింది. టప్! తెల్లగొడుగు విరిగిపోయింది.

విరిగిన మడతల్లోంచి పాలు కారాయి. బురదలో పోయిన పిల్లలు తాగని పాలు. పంది ఆశగా నాకింది. వాటిలో తల్లి కడుపుమంట ఉంది. నాలుక భగ్గుమంది. కుయ్యోమంటూ మూతి తుడుచుకోకుండానే పారిపోయింది.

అప్పటినుంచే ఆ అక్కచెల్లెళ్ళ వంశంలో గొడుగు కాడ సుద్దముక్కలా టప్పున విరుగుతుంది. విరిచినప్పుడు మడతల్లో పాలు కనిపిస్తే అక్క సంతానం. లేకపోతే చెల్లెలిది. చూడండి, నోట్లో మాత్రం పెట్టుకోకండి. ఎవరొచ్చి తోసినా సరే, ఇవాళ్టికీ అవి వంగవు.