సర్దిన పెట్టె

దుప్పటి కప్పుకోండర్రా. చంటీ, ఆ సూట్‌కేసు మీంచి కాళ్ళు తియ్యి. మీ అమ్మ మిమ్మల్ని తీసుకుని ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ అది అక్కడే అఘోరించింది.

అనగనగా, ఏ దేశమో నన్నడక్కండి, ఒక ఊళ్ళో తాయారని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గవర్రాజు. చెడ్డవాడు కాదు గానీ నోరు ఊరుకోదు. కూరలో ఉప్పు తగ్గితే పుట్టింటికి పో అనేవాడు. ఉప్పెక్కువైతే పుట్టింటికి పో. వాన పడితే పుట్టింటికి పో. గేదె తన్నినా పుట్టింటికి పో. గేదె తన్నితే ఆవిడేం చేస్తుందే పాపం! ఒకరోజు మజ్జిగ పులిసిందని మళ్ళీ అన్నాడు. తాయారు గరిట కింద పెట్టింది, బట్టలు పెట్టెలో సర్దుకుంది, నిజంగానే పోయింది. గవర్రాజు ఆ పులిసిన మజ్జిగే తాగి పడుకున్నాడు. ఊ కొడుతున్నారా?

సంగతి రాజుగారి దాకా వెళ్ళింది. ఆయన ఇద్దరి గోడూ విని, వచ్చే ఏడు చింతకాయలు పండేదాకా విడివిడిగా ఉండండి, అప్పటికీ పొసగదంటే కాపురం తెంచేస్తానన్నారు.

పుట్టింట్లో అన్నగారూ వదినగారూ ఉన్నారు. పెట్టె మాత్రం ఖాళీ చెయ్యకమ్మా, చేస్తే కాపురం పోయినట్టే, అతనే వచ్చి తీసుకెళ్తాడు అన్నారు వాళ్ళు. తాయారు అలాగే అంది. ఒక చీర లాగడం, కట్టుకోవడం, ఉతికి మళ్ళీ పెట్టెలోనే పెట్టడం. వీధిలో బండి గంటలు మోగితే చాలు, గుమ్మంలోకి పరిగెత్తేది. చూస్తే కుంకుడుకాయల బండి. వెళ్ళిపోయేది. మళ్ళీ గంటలు. కుండల బండి. అదీ వెళ్ళిపోయేది. చేతిలో ముద్ద చేతిలోనే ఎండిపోయేది. ఏడుపొచ్చేది. రాదూ మరి?

రానురాను వదినగారి మొహం ముడుచుకుంది. తాయారుకి రోషం వచ్చింది. ఊరి చివర దయ్యం ఉందని ఎవరూ అడుగుపెట్టని ఇల్లొకటి ఉంటే, పెట్టె నెత్తినెత్తుకుని అక్కడికి పోయింది.

అరుగు మీద దయ్యం కూచునుంది. పేరు పేరిందేవి. పాదాలు వెనక్కి తిరిగున్నాయి, ఒళ్ళో సర్దిన పెట్టె ఉంది. తాయారుని భయపెట్టడం మానేసి, దారిలో మా ఆయన బండి కనిపించిందా అని అడిగింది. ఆవిడా మొగుడు పొమ్మంటే వచ్చిందే. పెట్టె ఖాళీ చెయ్యకన్నారు, చెయ్యలేదు. వస్తాడన్నారు, చూసింది. జుట్టు నెరిసింది, చూసింది. పళ్ళూడాయి, చూసింది. ప్రాణం పోయింది, ఇంకా చూస్తోంది!

తాయారుకి దయ్యాన్ని చూస్తే భయం వెయ్యలేదు. ఆ పెట్టెని చూస్తే వేసింది. భయం పోయి ఒళ్ళు మండింది. దభాలున తన పెట్టె మూత ఎత్తింది. చీరలు తీసి దండెం మీద, దండెం మీది బూజు తీసి దిబ్బ మీద, చెంబు తీసి గూట్లో, గూట్లో గబ్బిలాన్ని తరిమి చూర్లో... సాయంత్రానికి ఇల్లు ఇల్లయింది.

మర్నాటినుంచి అప్పడాలొత్తి అమ్మడం మొదలెట్టింది. ఎండబెట్టే పని పేరిందేవిది. నిచ్చెన అక్కర్లేదు, అరుగు మీద కూచునే చేతులు సాగదీసి ఇంటి కప్పు మీద పరిచేసేది! ఖాళీ అయిన పెట్టెలో తాయారు గడ్డి పరిచి కోడిని పొదగేసింది. మొగుణ్ణి వదిలొచ్చినదానికి ఆ నవ్వేమిటే అని ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. నా నవ్వు నాదే, మీ ఇంటికొచ్చి అరువడిగానా అంది తాయారు. మరే!

చింతకాయలు పండుతుండగా వీధిలో బండి గంటలు. మీ ఆయనేనే, సర్దుకో సర్దుకో అని పేరిందేవి గంతులేసింది. గవర్రాజే. చిక్కి సగమయ్యాడు. పద, పెట్టె సర్దుకో అన్నాడు. పెట్టెలో కోడి పొదుగుతోంది, లేపనంది తాయారు. పెట్టె వద్దులే, నువ్వు రా అన్నాడు.

"పొమ్మంటే పోయి, రమ్మంటే రావడానికి నేను మీ గేదెనాండీ? నాతో ఉండాలనుంటే ఆ నోరు అదుపులో పెట్టుకుని మీరే ఇక్కడికి రండి. లేదూ, తెంచుకుందాం. రాజుగారి ముందు నా మాట నేనే చెబుతాను."

గవర్రాజు పుట్టింటికి పో అనబోయి నాలిక్కరుచుకున్నాడు. జన్మలో మొదటిసారి! అరుగు మీద చతికిలబడ్డాడు. పక్కన దయ్యం ఉందని కూడా వాడికి తెలీదు.

పేరిందేవి తాయారుని చూసింది. వీధివైపు చూసింది. మెల్లిగా తన పెట్టె తెరిచింది. మొగుడొచ్చిన రోజున కట్టుకుందామని దాచిన పట్టుచీర తీసి కట్టుకుంది. ఏ బండీ ఎక్కకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగున్న పాదాలు అప్పటికి ముందుకి తిరిగాయిట.

తర్వాత కలిశారా, తెంచుకున్నారా అని అడుగుతున్నదెవరు? పిల్లలెప్పుడో నిద్రపోయారు. ఏమే సుగుణా, నీ పిల్లల బదులు గోడవైపు తిరిగి ఇందాకట్నుంచీ ఊ కొడుతున్నది నువ్వా? గవర్రాజు అప్పడాలు ఎండబెట్టడం నేర్చుకున్నాడని కొందరంటారు. తెంచుకున్నారని కొందరంటారు. ఏదైతేనేం, పెట్టెనిండా కోడిపిల్లలు కిచకిచలాడాయి, తాయారు కడుపునిండా తిని హాయిగా పడుకుంది.

కథ కంచికెళ్ళిపోయింది. మనం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, మనింట్లోనే ఉన్నాం. నీ విడాకుల వాయిదా నాడు కోర్టులో ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది. బీరువాలో పై అర నీకోసం ఖాళీ చేశాను. లే, ఆ సూట్‌కేసు తెరు.