మధ్యలో మానేసినవాళ్ళు

పురంధర్‌ని కొన్నాళ్ళుగా ఒకటే దిగులు తినేస్తోంది. తన వెనకొచ్చిన ఒకాయన సైటేషన్లలో తనని దాటిపోయేలా ఉన్నాడు.

సైటేషన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మనం రాసిన పరిశోధన పేపరుని ఇంకెవరో తమ పేపర్లో "ఫలానా ఆయన ఇలా తేల్చాడు" అని ప్రస్తావించడం, అంతే. ఎంతమంది ప్రస్తావిస్తే అంత గొప్పవాడన్నమాట. చదివి ప్రస్తావించారా, చదవకుండానా అని అడిగేవాడు లేడు. పురంధర్ పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఫోన్లో ఆ అంకె చూసుకునేవాడు. పెరిగిన రోజు ఇంట్లో అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. పెరగని రోజు ఉప్మాలో ఉప్పు తక్కువైందని భార్య మీద విరుచుకుపడేవాడు.

ఆ ఏడు వైద్య పరిశోధనకిచ్చే పెద్ద అవార్డొకదానికి అతని పేరు పరిశీలనకొచ్చింది. చదువు చెప్పిన గురువెవరైనా నాలుగు మంచి మాటలు రాసివ్వాలన్నారు. హైదరాబాదులో కారెక్కి కర్నూల్లో ఖుర్షీద్ మేడమ్ ఇంటి ముందు దిగాడు.

ఓనమాల దగ్గర్నుంచీ అతను పరిశోధన నేర్చుకుంది ఆవిడ దగ్గరే. రిటైరై చాన్నాళ్ళైంది, ఒక్కర్తే ఉంటోంది. "రా బేటా" అని లోపలికి తీసుకెళ్ళి ఛాయ్ పెట్టిచ్చింది. ఎలా ఉన్నారు మేడమ్ అని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు మనవాడు. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో, ఏ దేశంవాళ్ళు దేన్ని ప్రస్తావించారో వల్లె వేసుకుంటూ పోయాడు. ఛాయ్ మీద మీగడ కట్టింది.

అన్నిట్లోకీ ఎక్కువమంది ప్రస్తావించింది ఏదని అడిగిందావిడ.

ఇంకేది, కిడ్నీ పేపరే అన్నాడు. వేరే జబ్బుకి వాడే పాత మందొకటి పాడైపోతున్న కిడ్నీలని కూడా నిలబెడుతుందని రోగులకిచ్చి చూసి తేల్చిన పేపరది. అతనికి పేరొచ్చిందంతా దానివల్లే.

ఆవిడ మెల్లగా లేచి మందుల డబ్బా, గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుంది. తెల్ల మాత్ర ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. తన కిడ్నీలు పాడవుతున్నాయని, డాక్టరు ఈ మందే రాశాడని, ఇదెందుకు అనడిగితే పురంధర్ పేపరు తీసి చూపించాడని చెప్పింది.

పురంధర్ మొహం వెలిగిపోయింది. మేడమ్‌కి జబ్బు చేసిందన్న సంగతి ఆ తర్వాతగానీ అతని బుర్రకెక్కలేదు.

"వేసుకోమంటావా?" అందావిడ.

"డాక్టరుగారు రాశారుగా మేడమ్."

"ఆయన నీ మాట మీద రాశాడు. నువ్వు చెప్పు."

వేసుకోండి అనబోయాడు. పేపర్లో రాయని సంగతి గుర్తొచ్చింది.

ఆ మందిచ్చి చూస్తున్నప్పుడు కొందరు రోగులు సగంలో రావడం మానేశారు. మానేశారంటే ఊరికే మానలేదు. మందు మొదలెట్టాక ఒళ్ళు వాచి, ఆయాసం ముదిరి, మంచం దిగలేక మానేశారు. ఒక ముసలాయన కొడుకైతే ఫోన్ చేసి, మా నాన్న ఇంక రాడండీ అని ఏడ్చాడు. ఆ ఫోనెత్తింది పురంధరే. పేపర్లో మాత్రం వాళ్ళందరినీ "మధ్యలో మానేసినవాళ్ళు" అని ఒక్క ముక్కలో రాసి లెక్కలోంచి తీసేశాడు. మిగిలినవాళ్ళతో లెక్క కడితే మందు బ్రహ్మాండంగా పనిచేసినట్టు తేలింది. అందరూ చేసేదేగా అని సర్దిచెప్పుకున్నాడు, సిగ్గులేకపోతే సరి. అది నమ్మి ఇప్పుడు ఏ ఊళ్ళో ఎంతమంది ఆ మాత్ర మింగుతున్నారో అతని ఫోన్లో అంకె చెప్పదు.

ఖుర్షీద్ మేడమ్ గ్లాసు చేతిలోకి తీసుకుంది. తొందరేమీ లేనట్టు అతని వంకే చూస్తోంది.

"వద్దు మేడమ్" అన్నాడు. చెయ్యి చాపి ఆవిడ అరచేతిలోని మాత్ర లాక్కున్నాడు.

ఎందుకొద్దని అడుగుతుందేమో, ఏం చెప్పాలో అని మాత్రని గుప్పిట్లో దాచుకున్నాడు. ఆవిడ అడగలేదు. నీళ్ళు పక్కన పెట్టి, రెండు చేతులతో కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి ముక్కాలిపీట మీద పెట్టుకుంది. రెండూ చీలమండలు కనపడకుండా వాచి ఉన్నాయి.

"రంజాన్ అయిన దగ్గర్నుంచీ వేసుకుంటున్నాను బేటా" అంది. "పేపరు మీద నీ పేరు కనబడింది. ఇంక చదవలేదు."